నేనేమీ ఎత్తలేదు సార్

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో, కుర్రవాళ్లకు ఉన్నట్టుండి ఊపిరితిత్తి ముడుచుకుపోవడం గురించి ఒక చిన్న వ్యాసం వేశారు. వేసినందుకు ముందుగా థాంక్స్, ఈ జబ్బు పేరు పత్రికల్లో కనిపించడమే అరుదు. కానీ కారణాల దగ్గరికి వచ్చేసరికి జిమ్‌లో అతిగా బరువులెత్తడం వల్ల, మానసిక ఒత్తిడి వల్ల ఇది వస్తుందని రెండు ముక్కల్లో తేల్చేశారు చూడండి, అది చదివి నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే నాలుగేళ్ల కిందట పక్కటెముకల మధ్య గొట్టం పెట్టించుకుని ఆస్పత్రి మంచం మీద పడుకున్నప్పుడు, చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ నన్ను అడిగింది ఇదే. ఏం ఎత్తావు? దేనికంత టెన్షన్ పడ్డావు?

నేనేమీ ఎత్తలేదు సార్. షూ లేసు కట్టుకుంటున్నాను.

నాకిప్పుడు 26 ఏళ్లు. ఇది నాకు రెండుసార్లు వచ్చింది, 22వ ఏట ఒకసారి, మళ్లీ 14 నెలలకు ఇంకోసారి, రెండూ కుడివైపే. నేను డాక్టర్ని కాదు. కానీ రెండుసార్లు పడ్డవాడికి తన జబ్బు గురించి చదువుకునే తీరిక, భయం రెండూ బాగానే దొరుకుతాయి. దొరికిన డాక్టరునల్లా ప్రశ్నలతో వేధించాను కూడా. కాబట్టి ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గానే ఉంటుంది, కత్తిరించాల్సి వస్తే నా కథ కత్తిరించండి, కారణాలు మాత్రం ఉంచండి.

ఆ రోజు ఉదయం బయటికి వెళ్దామని కుర్చీలో కూర్చుని, వంగి, ఎడమ కాలి లేసు ముడి వేస్తుండగా కుడి భుజం రెక్క కింద కత్తితో పొడిచినట్టు ఒక పోటు వచ్చింది. లేచి నిలబడ్డాను, ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతోంది, దీర్ఘంగా పీలిస్తే పోటు ఎక్కువవుతోంది. రెండు నిమిషాలు గోడ పట్టుకుని నిలబడి, పట్టేసిందేమోలే అనుకుని రెండో లేసు కూడా కట్టుకుని వెళ్లిపోయాను. ఇది వింటే మీకు నవ్వొస్తుందేమో గానీ ఈ జబ్బు వచ్చిన వాళ్లలో చాలామంది చేసేది ఇదే, ఎందుకంటే నొప్పి ఒక రోజులో దానంతట అదే చాలావరకు తగ్గిపోతుంది. ఊపిరితిత్తి మాత్రం అలాగే ముడుచుకుని ఉంటుంది. నొప్పి తగ్గితే జబ్బు తగ్గినట్టే అనుకోవడం మనకు అలవాటు కదా, ఇక్కడ అది పనికిరాదు.

రెండో రోజు ఒక క్లినిక్‌కి వెళ్తే ఈసీజీ తీసి, గుండె బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది అన్నారు, బిళ్లలిచ్చారు. ఆయన్ను తప్పుపట్టడం లేదు, 22 ఏళ్లవాడు నడుచుకుంటూ వచ్చి నొప్పి ఇప్పుడు కొంచెం నయం అంటే ఎవరైనా అదే అంటారు. ఆ రాత్రి పక్కకి తిరిగి పడుకుంటే లోపల ఏదో బుడబుడమని కదిలినట్టు అనిపించింది, నాకు వినిపించింది కూడా. మూడో రోజు వేరే డాక్టరు చొక్కా విప్పించి, వీపు మీద రెండు వైపులా స్టెతస్కోపు మార్చి మార్చి పెట్టి, వేలితో తట్టి చూశారు. ఎడమవైపు తడితే మామూలు చప్పుడు, కుడివైపు తడితే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు. ఎక్స్‌రేలో చూపించారు: వెంట్రుక మందాన ఒక తెల్ల గీత, ఆ గీతకి లోపల ఊపిరితిత్తి, గీతకి బయట ఏమీ లేదు, ఉత్త నలుపు. ఆ నలుపే గాలి, ఉండకూడని చోట చేరిన గాలి. దీన్నే న్యూమోథొరాక్స్ అంటారన్నారు.

అసలు ఇది ఎలా అవుతుందో చెప్పకుండా కారణాలు చెబితే అర్థం కాదు కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. ఊపిరితిత్తి తనంతట తాను ఉబ్బే వస్తువు కాదు, దాన్ని సాగదీసే కండరాలు దానికి లేవు. వదిలేస్తే ముడుచుకుపోవడమే దాని స్వభావం, సాగదీసిన రబ్బరులాగా. పక్కటెముకల గూడుదేమో బయటికి తెరుచుకునే స్వభావం. ఈ రెండింటి మధ్య రెండు పల్చటి పొరలుంటాయి, ఒకటి ఊపిరితిత్తికి అంటుకుని, ఇంకోటి ఛాతీ గోడకు లోపలి వైపున. వాటి నడుమ కాస్త తడి తప్ప ఏమీ ఉండదు. రెండు గాజు పలకల్ని తడిపి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, అటూ ఇటూ జారతాయి గానీ విడదీయబోతే రావు. ఊపిరితిత్తి ఛాతీ గోడను అంటిపెట్టుకుని ఉండేది అలాగే, ఆ పొరల మధ్య పీడనం బయటి గాలికంటే కొంచెం తక్కువగా ఉండటం వల్ల. అక్కడికి ఎటునుంచైనా గాలి చేరిందా, ఆ పట్టు ఊడిపోతుంది, ఊపిరితిత్తి తన స్వభావం ప్రకారం ముడుచుకుంటుంది. అంతే. పగిలిపోవడం, పేలిపోవడం లాంటి మాటలు వాడతారు గానీ చాలాసార్లు అది సైకిల్ ట్యూబుకి కంటికి కనిపించని పంక్చరు పడ్డట్టు ఉంటుంది.

మరి ఆ పంక్చరు ఎక్కడ పడుతుంది, ఎందుకు పడుతుంది? మామూలుగా ఊపిరితిత్తి పైకొనలో, కాలర్ బోన్ వెనకాల ఉండే భాగంలో. నాలాంటి వాళ్లకి సీటీ స్కాన్ తీస్తే ఎక్కువ మందిలో అక్కడ పొర కింద చిన్న చిన్న గాలి పొక్కులు కనిపిస్తాయి. చిన్నవాటిని బ్లెబ్ అంటారు, పెద్దవాటిని బుల్లా అంటారు. పొక్కులు రెండో వైపు ఊపిరితిత్తిలో కూడా ఉండొచ్చు, నాకు ఎడమవైపున కూడా రెండు ఉన్నాయి, ఇప్పటిదాకా అవి నా జోలికి రాలేదు. ఇంకో సంగతి, ప్రతిసారీ పొక్కు చిట్లడమే కారణం కాదంటారు. ఆపరేషన్ చేసి చూస్తే కొంతమందిలో పొక్కు చెక్కుచెదరకుండా ఉంటుంది, గాలి దాని పక్కన పొర పల్చబడి జల్లెడలా అయిన చోటునుంచి వస్తుంటుంది. అందుకే ఒట్టి పొక్కులు కోసేసి ఊరుకోరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పొక్కులు నాకే ఎందుకు, మా అన్నయ్యకి ఎందుకు లేవు?

నేను ఆరడుగుల రెండంగుళాలు, అప్పట్లో 58 కిలోలు. మా అన్నయ్య నాకంటే అరడుగు పొట్టి, ఒళ్లు చేసిన మనిషి. ఈ జబ్బుకి పొడుగు, సన్నం, మగ, 10 నుంచి 30 ఏళ్ల వయసు, ఈ నాలుగూ ఒకచోట చేరినవాళ్ల దగ్గరికే అది ఎక్కువగా చుట్టాన్ని వెతుక్కుంటూ వచ్చినట్టు వస్తుంది. మగవాళ్లలో ఏటా లక్షమందికి 7 నుంచి 18 మందికి, ఆడవాళ్లలో 1 నుంచి 6 మందికి వస్తుందని లెక్క. పొడుగుకీ దీనికీ సంబంధం ఏమిటంటే, నిటారుగా ఉన్నప్పుడు ఊపిరితిత్తి బరువు కిందికి వేలాడుతుంది కాబట్టి అడుగు భాగంకంటే పైకొనలో ఉండే గాలి గదులు ఎక్కువ సాగి ఉంటాయి. ఛాతీ ఎంత పొడుగైతే పైకొన మీద ఆ లాగుడు అంత ఎక్కువ. పదమూడు పద్నాలుగేళ్లప్పుడు ఒక్కసారిగా జానెడు పొడుగు పెరిగే పిల్లల్లో ఛాతీ కూడా అంతే వేగంగా సాగుతుంది, అప్పుడే ఆ పైకొన బలహీనపడుతుందని ఒక అభిప్రాయం. నాకు ఇది సమంజసంగానే తోస్తుంది, నేను ఒక్క ఏడాదిలో రెండు సైజుల ప్యాంట్లు వదిలేసినవాణ్ణి.

అయితే పొడుగు సన్నం మనిషి చేతిలో లేదు. వ్యాసంలో రాయాల్సింది, రాయనిది చేతిలో ఉన్నదాని గురించి. సిగరెట్.

ఇక్కడ నా గురించి చెప్పుకోక తప్పదు. అడ్మిట్ చేసుకునేటప్పుడు కేసు షీటు రాస్తూ జూనియర్ డాక్టరు నన్ను అడిగారు, సిగరెట్ అలవాటుందా అని. మంచానికి అటువైపు అమ్మ నా చెప్పులు సంచిలో సర్దుతోంది. లేదు సార్ అన్నాను. ఆయన నా మొహం వైపు, తర్వాత నా వేళ్ల వైపు చూసి ఏమీ మాట్లాడకుండా రాసుకుని వెళ్లిపోయారు. రాత్రి పదకొండు దాటాక, అమ్మ వరండాలో నడుం వాల్చాక, గొట్టానికి తగిలించిన బాటిల్ చూసే నెపం మీద మళ్లీ వచ్చారు.

"ఇప్పుడు చెప్పు, రోజుకి ఎన్ని?"

"ఎనిమిది. ఒక్కోసారి పది."

"ఎప్పట్నుంచి?"

"పద్దెనిమిదో ఏటి నుంచి సార్."

ఆయన తిట్టలేదు, లెక్చర్ ఇవ్వలేదు. ఇంతసేపూ మీవాళ్లు జిమ్ గురించి అడుగుతున్నారు, నిన్ను అడగాల్సింది ఇది, అని మాత్రం అన్నారు. 1987లో వెలువడిన ఒక స్వీడన్ అధ్యయనం గురించి నేను తర్వాత చదివాను. పొగ తాగని మగవాళ్లతో పోలిస్తే తాగే మగవాళ్లకు మొదటిసారి ఇది వచ్చే అవకాశం 22 రెట్లు, ఆడవాళ్లలో 9 రెట్లు అని తేల్చింది. ఎన్ని ఎక్కువ కాలిస్తే ముప్పు అంత ఎక్కువ కూడా. 22 రెట్లు అంటే మాటలా! ఏ జిమ్ముకీ, ఏ టెన్షన్‌కీ ఇలాంటి లెక్క ఎవరూ చూపించలేదు. మీ వ్యాసంలో సిగరెట్ అన్న మాటే లేదు.

పొగ ఏం చేస్తుందంటే, చిట్టచివరి సన్నటి గాలి గొట్టాల్లో వాపు తెస్తుంది. వాచిన గొట్టం ఒకవైపే తెరుచుకునే తలుపులా తయారవుతుంది, ఊపిరి పీల్చినప్పుడు గాలి లోపలికి పోతుంది, వదిలినప్పుడు పూర్తిగా బయటికి రాదు. దాని అవతల ఉన్న గాలి గది రోజురోజుకీ ఉబ్బుతుంది. ఆ వాపులో చేరిన కణాలు విడుదల చేసే ఎంజైములు ఊపిరితిత్తికి సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ దారాల్ని కొరికేస్తాయి. ఇటు ఉబ్బడం, అటు గోడ పల్చబడటం. ఇవన్నీ జరిగేది నలభై ఏళ్లు తాగిన ముసలాళ్లకే అనుకునేవాణ్ణి నేను, నాకు నాలుగేళ్లు సరిపోయాయి. గంజాయి తాగితే తప్పు లేదనుకునే కుర్రాళ్లు కూడా ఉన్నారు, అది కాల్చే పద్ధతే వేరు, గుండెల నిండా పీల్చి బిగబట్టి ఉంచుతారు, చిన్న వయసులో పెద్ద పెద్ద బుల్లాలున్న కేసుల్లో గంజాయి అలవాటు కనిపించడం వైద్యులకు కొత్తేమీ కాదు.

అలాగని అంతా సిగరెట్ మీదకే తోసేయడం కూడా న్యాయం కాదు. జన్మలో ఒక్క దమ్ము లాగనివాళ్లకీ ఇది వస్తుంది. నా మంచానికి ఎదురు మంచంలో ఒక పందొమ్మిదేళ్ల అబ్బాయి ఉండేవాడు, అతనికి ఏ అలవాటూ లేదు, వాళ్ల నాన్న మాత్రం వాడు దాస్తున్నాడని నమ్మి మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ అబ్బాయి మొహం నాకు ఇప్పటికీ గుర్తు. నేను అబద్ధం చెప్పి దర్జాగా పడుకున్నాను, అతను నిజం చెప్పి దొంగలా పడుకున్నాడు.

ఇక బరువులు, పరుగుల సంగతి. ఇది వచ్చినవాళ్లలో ఎక్కువ మందికి వచ్చింది ఊరికే ఉన్నప్పుడే. కూర్చుని, పడుకుని, ఫోను చూసుకుంటూ, నాలాగా లేసు కట్టుకుంటూ. గట్టిగా ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు వచ్చిన కేసులు అక్కడక్కడా లేకపోలేదు, కానీ అప్పటికే పల్చబడ్డ చోటు ఆ క్షణంలో చిట్లిందేమో గానీ, పల్చబడింది మాత్రం ఆ బరువు వల్ల కాదు. పెద్ద పెద్ద స్పీకర్ల పక్కన నిలబడ్డప్పుడు కొద్దిమందికి ఇలా అయిందని వైద్య పత్రికల్లో రాశారు, వాతావరణ పీడనం హఠాత్తుగా మారిన రోజుల్లో కేసులు పెరుగుతాయని కొందరు, అదేం లేదని కొందరు. ఇవన్నీ ఆఖరి తోపులాటలు. ఆఖర్న నెట్టినవాణ్ణి పట్టుకుని వాడే మొత్తం కారణం అనడం మనకు సరదా.

టెన్షన్ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. గొట్టం పెట్టడానికి ముందు పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూసి జూనియర్లతో, టెన్షన్ అవ్వొచ్చు, దగ్గరే ఉండి చూసుకోండి, టెన్షన్ అయితే మాత్రం వెంటనే పిలవండి, అని గబగబా చెప్పి వెళ్లారు. అది నాన్న చెవిన పడింది. అంతే, ఆ రోజు నుంచి డిశ్చార్జి దాకా నా దగ్గర ఉద్యోగం మాట లేదు, డబ్బు మాట లేదు, ఫోను లాగేసుకున్నారు, అత్తయ్యను వరండాలోనే ఆపి వాడికి టెన్షన్ పెట్టే మాటలొద్దు అని చెప్పి మరీ లోపలికి పంపారు. డాక్టరు చెప్పిన టెన్షన్ వేరు. టెన్షన్ న్యూమోథొరాక్స్ అని ఒకటుంది, చిల్లు దగ్గర గాలి ఛాతీలోకి వస్తూనే ఉంటుంది, వెనక్కి పోయే దారి ఉండదు, లోపల పీడనం పెరిగి గుండెను అవతలి వైపుకి నెట్టేస్తుంది, రక్తం గుండెకి తిరిగి రావడం తగ్గిపోతుంది, బీపీ పడిపోతుంది. నిమిషాల మీద ప్రాణం పోయే పరిస్థితి. మాలాంటి కేసుల్లో అది అరుదు గానీ వస్తే ఆలోచించే టైముండదు. మనసులో ఉండే టెన్షన్‌కీ దానికీ పేరు ఒకటే, చుట్టరికం లేదు. మానసిక ఒత్తిడి వల్ల వస్తుందన్న మాట మీ వ్యాసంలోకి ఇలాగే ఎవరో పక్కనుంచి విని రాసినట్టు వచ్చిందేమో అని నా అనుమానం, కోప్పడకండి.

నిజానికి డాక్టర్లకే ఇది ఎందుకొస్తుందో తెలియడానికి వందేళ్లకు పైగా పట్టింది. న్యూమోథొరాక్స్ అన్న పేరు పెట్టింది ఇటార్ అనే ఫ్రెంచి వైద్యుడు, 1803లో. స్టెతస్కోపు కనిపెట్టిన లెనెక్ 1819లో దాని లక్షణాలు రాశాడు. అప్పట్లో ఇలా వస్తే చాలు, లోపల క్షయ ఉందనే అనుకునేవారు, ఎక్కువ భాగం నిజం కూడా. 1932లో డెన్మార్క్ వైద్యుడు కేర్‌గార్డ్, క్షయా గియా ఏమీ లేని ఆరోగ్యవంతుల్లో కూడా ఇది వస్తుందని వివరంగా రాశాక గానీ ఇది వేరే జబ్బుగా గుర్తింపు పొందలేదు. విచిత్రమేమిటంటే అదే కాలంలో క్షయ రోగులకు ఊపిరితిత్తికి విశ్రాంతినివ్వాలని సూదితో గాలి ఎక్కించి కావాలని ముడుచుకుపోయేలా చేసేవారు, ఇటలీ వైద్యుడు ఫోర్లానినీ మొదలుపెట్టిన పద్ధతి అది. నాకు అనుకోకుండా వచ్చిన ముప్పు ఒకప్పుడు వైద్యమన్నమాట.

ఇప్పటికీ ఊపిరితిత్తిలో ముందే ఏదో జబ్బు ఉండి ఇది వస్తే దాన్ని వేరుగా లెక్కపెడతారు. క్షయ, గాలి గొట్టాలు శాశ్వతంగా పాడయ్యే సీఓపీడీ, పుట్టుకతో వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి వచ్చే ఒక రకం న్యుమోనియా, ఇలాంటివి. దెబ్బ తగిలి పక్కటెముక విరిగి గుచ్చుకుంటే వచ్చేది మరో లెక్క. నేను మాట్లాడుతున్నది పైకి ఏ జబ్బూ లేని కుర్రవాళ్ల గురించి. కానీ ఏ జబ్బూ లేదు అనుకున్నవాళ్లలోనే కొందరికి పుట్టుకతో వచ్చినవి దాక్కుని ఉంటాయి, ఇది ఎవరూ చెప్పరు. పది మందిలో ఒకరికి ఇంట్లో ఇంకెవరికో కూడా వచ్చి ఉంటుంది. మార్ఫన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు బాగా పొడుగ్గా, చేతులూ వేళ్లూ సన్నగా సాగినట్టు ఉంటారు, చూడటానికి అచ్చం నాలాగే, వాళ్లకి ఊపిరితిత్తి కంటే పెద్ద ప్రమాదం గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఉబ్బడం. అందుకే నాకు ఎకో, అంటే గుండె స్కాన్, తీయించారు, చేతులు చాచమని పొడవు కొలిచారు, కంటి డాక్టరు దగ్గరికి పంపారు. అప్పుడు చిరాకేసింది, ఊపిరితిత్తికి కంటి డాక్టరేమిటని. మార్ఫన్‌లో కంటిలోని లెన్సు కూడా పక్కకి జరుగుతుందట. నాకు లేదని తేలింది. బర్ట్ హాగ్ డూబే అని ఇంకోటుంది, 17వ క్రోమోజోమ్ మీద ఉన్న ఒక జన్యువులో లోపం, దాంట్లో మొహం మీద చిన్న చిన్న తెల్లటి బొడిపెలు, ఊపిరితిత్తి అడుగు భాగాల్లో తిత్తులు, కొందరికి మూత్రపిండాల్లో గడ్డలు. ఊపిరితిత్తి ముడుచుకోవడమే దాని మొదటి గుర్తు కావచ్చు. మీ ఇంట్లో మీ మేనత్తకో, తాతకో ఇలా వచ్చిందా అని డాక్టరు అడిగితే విసుక్కోకుండా గుర్తు చేసుకోమని చెప్పడానికి ఇంత రాశాను.

ఆడపిల్లల సంగతి మీ వ్యాసంలో అసలే లేదు, కుర్రాళ్ల జబ్బని తేల్చేశారు. ఆడవాళ్లకి తక్కువే, నిజమే, కానీ వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది, నెలసరి ఎప్పుడు వచ్చింది అని. నెలసరి మొదలైన 72 గంటల్లోపు, ఎక్కువగా కుడివైపు, మళ్లీ మళ్లీ వస్తుంటే అది ఎండోమెట్రియోసిస్ వల్ల కావచ్చు. గర్భాశయం లోపల ఉండాల్సిన పొర లాంటిది ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరం మీదకీ ఛాతీలోకీ చేరి చేసే పని అది. ముప్పై దాటిన వాళ్లలో ఎక్కువ చూస్తారు. నెలసరి నొప్పులేగా అని ఛాతీ నొప్పిని కూడా అదే ఖాతాలో వేసేస్తే ఇక అది ఎప్పటికీ దొరకదు. ఎల్ఏఎమ్ అనే అరుదైన జబ్బు కూడా దాదాపుగా ఆడవాళ్లకే వస్తుంది, ఊపిరితిత్తుల నిండా తిత్తులు కట్టి.

వైద్యం గురించి నాలుగు మాటలే. గాలి కొంచెమే ఉండి, ఆయాసం లేకపోతే ఊరికే కనిపెట్టుకుని ఉంటారు, రోజుకి 1 నుంచి 2 శాతం చొప్పున అదే ఇంకిపోతుంది. 2020లో వెలువడిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అధ్యయనంలో 316 మందిని చూశారు, గాలి బాగానే చేరినవాళ్లని కూడా కొందరిని గొట్టం లేకుండా వదిలితే ఎక్కువ మంది వాళ్లంతట వాళ్లే కోలుకున్నారు. కాబట్టి ఇది అన్న ప్రతివాడికీ గొట్టం తప్పదని భయపడొద్దు. నాకు ఆయాసం ఉంది, గొట్టం పెట్టారు. ఆ గొట్టం రెండో కొస మంచం కింద నీళ్ల బాటిల్లో మునిగి ఉంటుంది, దగ్గితే బుడగలొస్తాయి, ఊపిరి తీసినప్పుడల్లా గొట్టంలో నీళ్లు పైకీ కిందికీ ఆడతాయి. నాలుగు రోజులు నేను టీవీ చూసినట్టు దాన్నే చూశాను. బాటిల్‌ని ఛాతీ ఎత్తుకి ఎత్తొద్దని, ఎత్తితే నీళ్లు లోపలికి పోతాయని నర్సమ్మ రోజుకి నాలుగుసార్లు చెప్పేది, నాన్న బాత్రూంకి నా వెంట వచ్చేటప్పుడు దాన్ని పసిబిడ్డను మోసినట్టు రెండు చేతులతో మోకాళ్ల దగ్గర పట్టుకుని వంగి నడిచేవాడు.

ఇంటికొచ్చాక సిగరెట్లు తగ్గించాను. మానలేదు, తగ్గించాను, రోజుకి మూడు. ఇది ఒకసారి వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మళ్లీ వస్తుంది, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే, పొగ మానేసినవాళ్లలో ఆ అవకాశం బాగా తగ్గుతుంది అని డిశ్చార్జి రోజునే చెప్పారు. నేను తగ్గించడం అంటే మానడమే అన్నట్టు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. 14 నెలలకు మళ్లీ వచ్చింది, ఈసారి నిద్రలో. పూర్తిగా మానేసి ఉంటే వచ్చేది కాదని నేను ఒట్టేసి చెప్పలేను, మానకపోవడం మాత్రం నేను చేసిన పనే. ఈసారి ఆపరేషన్ చేశారు, ఛాతీకి మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ, పొక్కులున్న పైకొనను స్టేపుల్ చేసి తీసేసి, ఛాతీ గోడ పొరను గీకి వదిలేశారు. గీకిన చోటు మానేటప్పుడు ఊపిరితిత్తి గోడకి అతుక్కుపోతుంది, ఇక అక్కడ గాలి చేరడానికి సందుండదు. ఇప్పుడు బాగానే ఉన్నాను. మూడేళ్లయింది, ఒక్కటీ ముట్టలేదు. విమానం ఎక్కొచ్చు, ముడుచుకున్నది పూర్తిగా విచ్చుకుని కనీసం వారం దాటాక. గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుక్కి దిగే సరదా ఉంటే మాత్రం మర్చిపోవాల్సిందే అన్నారు, నాకు ఈతే రాదు కాబట్టి బాధ లేదు. జిమ్‌కి కూడా వెళ్తున్నాను, కోలుకున్నాక డాక్టరే వెళ్లమన్నారు!

కాబట్టి దయచేసి ఒక చిన్న సవరణ వేయండి. బరువులు, ఒత్తిడి అన్న ముక్క తీసేసి ఊపిరితిత్తి పైకొనలో పొక్కులు, పొడుగు, పొగ, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అన్నవి వేయండి. ఒక పక్కన హఠాత్తుగా వచ్చి ఊపిరి తీస్తే ఎక్కువయ్యే పోటు, దాంతో పాటు కొంచెమైనా ఆయాసం ఉంటే, నొప్పి తగ్గినా సరే ఒక ఎక్స్‌రే తీయించుకోమని వేయండి. ఆయాసం పెరిగిపోతున్నా, పెదాలు నీలంగా మారినా, కళ్లు తిరుగుతున్నా ఎక్స్‌రే కోసం క్యూలో నిలబడకుండా తిన్నగా ఎమర్జెన్సీకి పొమ్మని కూడా.

నా పేరు వేయకండి. ఎందుకంటే అమ్మ రోజూ మీ పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది, ఆ రోజు మంచం దగ్గర నేను లేదు సార్ అన్నది ఆమె ఇప్పటికీ నమ్ముతోంది. అయినా పేరు లేకపోతే మాత్రం ఏం, ఆ షూ లేసు దగ్గరే పోల్చుకుంటుంది. ఆ రోజు గుమ్మంలో నిలబడి, ఏమైందిరా అలా ఆగిపోయావు అని అడిగింది ఆవిడే.

ఇట్లు,
మీ పాఠకుడు